ఆల్ట్‌మ్యూల్ లోయలో గ్రావెల్ సైక్లింగ్: ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగిపోవాలి

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో బాగా మెల్లగా పారే నదుల్లో ఆల్ట్‌మ్యూల్ ఒకటి. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పడం కష్టం. కానీ దాని లోయ మాత్రం చాలా వెడల్పు, రెండు వైపులా నిట్టనిలువు సున్నపురాతి కొండలు. ఇంత చిన్న నది ఇంత పెద్ద లోయను ఎలా తవ్విందా అనిపిస్తుంది. తవ్వింది ఇది కాదు, డాన్యూబ్. మంచుయుగాల కాలంలో దారి మార్చుకోకముందు డాన్యూబ్ డోల్న్‌స్టైన్ దగ్గర ఈ లోయలోకి వచ్చి కేల్‌హైమ్ దాకా ఇటే పారేది. పెద్ద నది వదిలి వెళ్లిన లోయలో చిన్న నది వంకలు తిరుగుతూ పోతుంది కాబట్టే కొండల నడుమ ఉన్నా బాట దాదాపు చదునుగా సాగుతుంది. సైకిల్ తొక్కేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

గున్‌త్సెన్‌హౌజెన్ నుంచి కేల్‌హైమ్ దాకా ఈ సైకిల్ బాట సుమారు 165 కిలోమీటర్లు. 1969లో ఏర్పడిన ఆల్ట్‌మ్యూల్ లోయ ప్రకృతి పార్కు గుండా పోతుంది. చాలావరకు సన్న సున్నపురాతి కంకర పరిచి అణిచిన దారి, మధ్యమధ్యలో తారు. కార్లు లేని బాట అంటారు గానీ, పూర్తిగా లేవని కాదు. ఊళ్లలోంచి వెళ్లేటప్పుడు వీధుల్లో నడపాలి, పొలాల మధ్య అప్పుడప్పుడు ట్రాక్టర్లు ఎదురవుతాయి. అయినా వెనక నుంచి లారీ వస్తుందేమోనన్న టెన్షన్ లేకుండా గంటల తరబడి తొక్కొచ్చు. హైదరాబాద్ రోడ్ల మీద సైకిల్ తొక్కడం మానేసిన మా ఆవిడ ఇక్కడ మళ్లీ మొదలుపెట్టింది. ఈ బాట మీద నాకున్న గౌరవానికి అదే మొదటి కారణం.

మొత్తం బాట ఒక్క విడతలో చేసెయ్యాలన్న పట్టుదల వద్దంటాను. నా లెక్కలో పాపెన్‌హైమ్ నుంచి కిప్‌ఫెన్‌బెర్గ్ దాకా ఉన్న ముక్కే అసలైనది. సెలవులు తక్కువ ఉంటే ఆ ముక్కకే రెండు రాత్రులు కేటాయించండి.

పాపెన్‌హైమ్‌లో రైలు దిగితే నది ఒక పెద్ద వంక తిరిగి కోట ఉన్న కొండను చుట్టి పోవడం కనిపిస్తుంది. అక్కడి నుంచి జోల్న్‌హోఫెన్ చేరడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ ఊరు దాటగానే కుడివైపో ఎడమవైపో అని వెతకక్కర్లేదు, గడ్డివాలు మీద వరసగా నిలబడ్డ రాళ్ల గుంపు దానంతటదే కనబడుతుంది. పన్నెండుమంది అపొస్తలులు అని పేరు. జురాసిక్ కాలపు సముద్రంలో స్పాంజి జీవులు కట్టిన దిబ్బల్లో మిగిలిన భాగాలవి. సాయంత్రం ఎండలో చూడాలి వాటిని.

జోల్న్‌హోఫెన్ రాయి గురించి కాస్త చెప్పాలి. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి ఉప్పునీటి మడుగుల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. పలకల్లా విడిపోతుంది. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ల కప్పులు కూడా ఈ పలకలతోనే కప్పారు. మ్యూనిక్‌లో అలోయిస్ జెనెఫెల్డర్ 1790లలో లితోగ్రఫీ, అంటే రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసే పద్ధతిని కనిపెట్టింది ఈ రాతి మీదే. 1861లో లోకానికి తెలిసిన ఆర్కియోప్టెరిక్స్, అంటే రెక్కలూ ఈకలూ పళ్లూ కలిసి ఉన్న ఆ ఆదిపక్షి, బయటపడిందీ ఈ పలకల్లోంచే. ఊళ్లోని మ్యూజియంలో ఒక అసలు శిలాజం ఉంది, ఐష్‌టెట్ కోటలోని యురా మ్యూజియంలో మరొకటి. రెండూ చూసే ఓపిక లేకపోతే ఐష్‌టెట్‌ది చూడండి, కోట మీంచి ఊరంతా కనిపిస్తుంది కూడా.

డోల్న్‌స్టైన్ ముందు బుర్గ్‌స్టైన్ అనే ఒంటరి రాతిగుట్ట దగ్గర రాళ్లెక్కేవాళ్లు తాళ్లు కట్టుకుని వేలాడుతుంటారు. అక్కడి నుంచి ఐష్‌టెట్ దాకా బాట నదికి దగ్గరదగ్గరగా పోతుంది. వేసవిలో నదిలో కనూల (చిన్న తెడ్డు పడవల) వరస, ఒడ్డున సైకిళ్ల వరస. శని, ఆదివారాల మధ్యాహ్నం ఇక్కడ రద్దీ నిజంగానే ఎక్కువ. వేగంగా తొక్కాలనుకునేవాళ్లు పొద్దున్నే బయల్దేరాలి. చిన్నపిల్లల ట్రెయిలర్ల మధ్య గ్రావెల్ బైక్‌ను (కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) తోలడం వాళ్లకూ ఇబ్బంది, మనకూ ఇబ్బంది.

గ్రావెల్ బైక్ కొనుక్కుని వచ్చినవాళ్లకు లోయ బాట ఒక్కటే సరిపోదు. పైకెక్కాలి. ఐష్‌టెట్ నుంచి బ్లూమెన్‌బెర్గ్ వైపు ఎక్కితే కొండ పైన పీఠభూమి, బీచ్ (beech) అనే ఆకురాల్చే చెట్ల అడవులు, కంకర అడవి దారులు. ఎక్కుడు పొడవు తక్కువే గానీ గట్టిగానే ఉంటుంది. తేలిక గేర్లు లేకపోతే దిగి నెట్టాల్సిందే. అడవిలో తిరిగే హక్కు బవేరియా రాజ్యాంగం 141వ అధికరణంలోనే ఉంది. సైకిల్‌కు తగిన దారుల మీద వెళ్లొచ్చు, నడిచేవాళ్లకు దారి వదలాలి. బ్లూమెన్‌బెర్గ్‌లో సందర్శకుల కోసం తెరిచిన రాతిక్వారీ ఉంది. సుత్తి, ఉలి అద్దెకిస్తారు, దొరికింది ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఫెర్న్ ఆకుల్లా కనిపించే నల్లటి కొమ్మల బొమ్మలు మాత్రం శిలాజాలు కావు, రాతి పగుళ్లలోకి చేరిన ఖనిజాలు. ఇంగోల్‌స్టాట్‌లో చదువుకునే మా బావమరిది సంచి నిండా అవే నింపుకున్నాడు, "మొక్కలే బావా" అంటూ. నిజం చెప్పినా వదల్లేదు, బాగున్నాయి మరి.

టైర్ల మాట: 40 మిల్లీమీటర్లవి ఉంటే లోయలోనూ అడవిలోనూ హాయిగా పోతుంది. ఎండాకాలం తెల్ల దుమ్ము, వాన పడితే అదే దుమ్ము పేస్టులా గొలుసుకు పడుతుంది. కాబట్టి చిన్న బ్రష్షు, గొలుసు నూనె దగ్గర ఉంచుకోండి. లోయ ఊళ్లలో అద్దెకు దొరికేవి ఎక్కువగా ట్రెకింగ్ సైకిళ్లు, ఈ-బైకులు. లోయకు అవి చాలు. అడవి దారులకు సొంత బండి తెచ్చుకోవడమే మేలు.

బసకు ఐష్‌టెట్ నా మొదటి ఎంపిక. పాత బిషప్పుల పట్నం. 1634లో స్వీడన్ సైన్యం తగలబెట్టాక బరోక్ అనే అలంకారాల శైలిలో మళ్లీ కట్టారు. యూనివర్సిటీ ఉండటం వల్ల తినడానికి నాలుగు రకాలు దొరుకుతాయి. గదులు చూసేటప్పుడు జర్మన్ సైక్లిస్టుల సంఘం ఇచ్చే 'బెట్+బైక్' గుర్తు ఉందేమో చూసుకోండి. ఆ గుర్తు ఉన్నచోట ఒక్క రాత్రికైనా గది ఇస్తారు, సైకిళ్లకు తాళం వేసే చోటు, తడి బట్టలు ఆరేసుకునే వీలు ఉంటాయి. గుర్తు లేని ఒక పాత గాస్ట్‌హోఫ్‌లో (పల్లె సత్రంలో) మేం దిగినప్పుడు గది శుభ్రంగానే ఉంది గానీ, సైకిళ్లను రాత్రంతా పెరట్లో వానలో ఉంచాల్సి వచ్చింది. డేరా వేసుకునేవాళ్లకు నది పక్కన క్యాంపింగ్ స్థలాలు బోలెడు, అయితే పొగమంచు వల్ల జూన్‌లో కూడా తెల్లవారుజామున వణుకు పుడుతుంది.

తిండి విషయంలో శాకాహారులు ముందే ఆలోచించుకోవాలి. పల్లెల్లో దొరికేది ఎక్కువగా చీజ్ కలిపిన ష్పెట్జ్‌లె (గుడ్డు వేసిన పిండితో చేసే నూడిల్స్ లాంటివి), సలాడ్, బ్రెడ్. బంగాళదుంప సలాడ్‌లో మాంసం రసం కలుపుతారు చాలాచోట్ల, అడిగి తీసుకోండి. మధ్యాహ్నం రెండు దాటితే వంటగదులు సాయంత్రం దాకా మూసేస్తారు, పైగా వారంలో ఒకటి రెండు రోజులు సెలవు, అది సోమవారమో మంగళవారమో అయి ఉంటుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు. మేం పులిహోర కలుపుకుని వెళ్తాం. రెండో రోజు మధ్యాహ్నానికి దాని విలువ తెలుస్తుంది.

ఐష్‌టెట్ దాటాక ఫ్యూన్ట్స్ దగ్గర కొండ మీద రోమన్ సైనిక శిబిరం, తిరిగి కట్టిన ద్వారం ఉన్నాయి. ఆ తర్వాత గుంగోల్డింగ్ దగ్గర జూనిపర్ అనే ముళ్ల పొదల మైదానం. గొర్రెలు మేస్తూ ఉండటం వల్లే అది అడవిగా మారకుండా అలా బయలుగా మిగిలింది. ఎండలో గడ్డి వాసన, జూనిపర్ వాసన కలిసి వస్తుంటే సైకిల్ ఆపకుండా ఉండలేం. మొత్తం బాటలో నాకు బాగా నచ్చిన చోటిదే. తర్వాత ఆర్న్స్‌బెర్గ్ రాళ్లు, ఆపైన కిప్‌ఫెన్‌బెర్గ్.

అక్కడి నుంచి కిన్‌డింగ్, బైల్న్‌గ్రీస్ మామూలుగా దాటేయొచ్చు. డీట్‌ఫుర్ట్ తర్వాత నది నది కాదు. 1992లో పూర్తయిన మైన్-డాన్యూబ్ కాలువలో కలిసిపోయింది. గట్టు మీద కంకర బాట బాగానే ఉంటుంది, తిన్నగా ఉంటుంది, నీడ తక్కువ, ఎదురుగాలి వస్తే విసుగు. కానీ కోటలు ఇక్కడే దగ్గరదగ్గరగా ఉన్నాయి. రీడెన్‌బుర్గ్ దాటాక నిట్టనిలువు రాతి అంచున ప్రున్ కోట, ఎస్సింగ్ దగ్గర కాలువ మీద రిబ్బన్‌లా వంపులు తిరిగే పొడవాటి చెక్క వంతెన. ఆ రెంటి కోసం మాత్రం ఈ భాగం తొక్కొచ్చు.

కేల్‌హైమ్‌లో దిగాక వెల్టెన్‌బుర్గ్ మఠానికి పడవలో వెళ్లండి, డాన్యూబ్ కొండల్ని చీల్చుకొచ్చిన ఇరుకు మలుపులు నీళ్ల మీంచే చూడాలి. సైకిళ్లను కూడా ఎక్కించుకుంటారు.

మ్యూనిక్ నుంచి ఇంగోల్‌స్టాట్ మీదుగా ట్రొయిష్ట్‌లింగెన్ వెళ్లే లోకల్ రైలు ఐష్‌టెట్, డోల్న్‌స్టైన్, జోల్న్‌హోఫెన్, పాపెన్‌హైమ్‌లలో ఆగుతుంది. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే నెలవారీ టికెట్) ఉన్నా సైకిల్‌కు వేరే టికెట్ కొనాలి. ఐష్‌టెట్ పెద్ద స్టేషన్ ఊరికి దూరం, అక్కడి నుంచి ఊళ్లోకి చిన్న రైలుంది, తొక్కినా బాగుంటుంది. కేల్‌హైమ్‌కు ప్యాసింజర్ రైలు లేదు, పక్కనున్న జాల్ స్టేషన్‌కు తొక్కుకెళ్లి అక్కడ ఇంగోల్‌స్టాట్ రైలెక్కాలి. ఆదివారం సాయంత్రం రైళ్లలో సైకిళ్లకు చోటు దొరకడం కష్టం. మధ్యాహ్నం బండికే బయల్దేరండి, లేదా ఇంకో రాత్రి ఉండిపోయి సోమవారం రండి.