అర్ధరాత్రి మ్యాచ్‌కి కూర్చోనిచ్చే హోటల్: నార్కట్‌పల్లి హైవే మీద ఒక రివ్యూ

హైవే మీద టీవీ లేని హోటల్ ఎక్కడుంది? కానీ ఆ టీవీలో మనం మ్యాచ్ చూడగలమా అంటే చాలా చోట్ల చూడలేం. వార్తలు మోగుతూనే ఉంటాయి, వినేవాడు ఒక్కడూ ఉండడు, రిమోట్ ఎక్కడ పెట్టారో ఓనర్‌కే తెలియదు. మూడు గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చోనిచ్చి, అడగకముందే బిల్లు తెచ్చి ముందర పెట్టకుండా, టీవీని మనకు వదిలేసే హోటల్ దొరకడం కష్టం. విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలే చోటుకి దగ్గర్లో, నార్కట్‌పల్లిలో అలాంటిది ఒకటుంది. పేరు రాయడం లేదు. రాయొద్దని ఓనరే అన్నాడు. "రాత్రి మూడు దాకా తెరిచి ఉంచుతున్నమని ఊరంత చాటింపు ఎందుకు సార్" అని ఆయన భయం. ఆ భయంలో న్యాయం ఉంది కాబట్టి ఊరుకుంటున్నా.

మేం వెళ్లింది 2024 నవంబర్ 10, ఆదివారం రాత్రి. చూడాల్సింది క్రికెట్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. నేను కొన్నేళ్లు డెన్వర్‌లో ఉద్యోగం చేసి నల్గొండ తిరిగొచ్చినవాణ్ని. ఇప్పుడు ఇంటి నుంచే పని. ఆ ఊరి చలి, ఆ ఊరి అద్దెలు ఎప్పుడో మర్చిపోయాను గానీ ఆ ఊరి ఫుట్‌బాల్ టీమ్ బ్రాంకోస్ మాత్రం పోలేదు. ఇంట్లో చూద్దామంటే నాన్నకు నిద్ర పట్టడమే గగనం, నేనేమో నోరు మూసుకుని ఆట చూసే రకం కాదు. అందుకే మా బామ్మర్దిని, చిన్నాన్న కొడుకుని కారెక్కించుకుని ఇరవై కిలోమీటర్లు వచ్చా. వాళ్లిద్దరికీ ఆట మీద ఆసక్తి లేదు, రొట్టెల మీద ఉంది. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ రివ్యూలో తిండి గురించి ఉన్న మాటల్లో సగం వాళ్లవే.

టైమింగ్ సంగతి, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ల కోసం. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకు రాత్రి పదిన్నరకు మొదలయ్యే అక్కడి మధ్యాహ్నం మ్యాచ్‌లు అక్కణ్నుంచి పదకొండున్నరకు మొదలవుతాయి. ఆ తర్వాతి ఆటలు తెల్లవారుజామున రెండున్నర, మూడుకి. ఆదివారం రాత్రి పెద్ద మ్యాచ్ అంటే మనకు సోమవారం పొద్దున ఏడుకి ఇంకో పది నిమిషాలు ఉందనగా. అంటే హోటల్లో కూర్చుని చూడగలిగేది పదకొండున్నరది ఒక్కటే. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు మా మ్యాచ్ అదే.

టీవీ విషయంలో పదికి తొమ్మిది మార్కులు. గోడకు నలభైమూడు ఇంచులది, స్మార్ట్ టీవీ. రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్, కవర్‌కి రబ్బరు బ్యాండు. వడ్డించే ఒడిశా కుర్రాడు చాలా చురుకైనవాడు. నేను ఫోన్ తీసి టీవీకి ఎలా కలపాలా అని చూస్తుంటే, చేతిలో నీళ్ల జగ్గు పక్కన పెట్టి రెండు నిమిషాల్లో నా ఫోన్ స్క్రీన్ ఉన్నదున్నట్టు టీవీ మీదికి ఎక్కించేశాడు. హోటల్ వైఫై మాత్రం పేరుకే. నా ఫోన్ డేటాతోనే చూశాం. మ్యాచ్ చూపించిన యాప్ గురించి ఎక్కువ చెప్పను. నెల నెలా డబ్బులు తీసుకుంటుంది, అసలు ఆట కంటే ముప్పావు నిమిషం వెనక నడుస్తుంది. ఈ ముప్పావు నిమిషం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

కార్తీక మాసం కావడంతో ఆ రోజు పొయ్యి మీద మాంసం వాసన తక్కువ. చెర్వుగట్టు నుంచి, పానగల్లు గుళ్ల నుంచి వచ్చే కుటుంబాలు పదింటిదాకా కిటకిటలాడాయని ఓనర్ చెప్పాడు. మేం వెళ్లేసరికి లారీల వాళ్లే మిగిలారు. వరి కోతల కాలం కదా, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల లారీలు టార్పాలిన్లు కప్పుకుని రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్నాయి.

ఇక్కడ తినాల్సింది జొన్నరొట్టె. మిగతావన్నీ దాని తర్వాతే. వంటింటికి తలుపు లేదు కాబట్టి మొత్తం కనిపిస్తుంది. చేసే ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు, మేమూ అదే అన్నాం. మరిగే నీళ్లు పోసి కలిపిన పిండిని పీట మీద అరచేత్తో తిప్పుతూ తడుతుంది. అంచు ఎక్కడా చీలదు. పెనం మీద వేసి, తడిబట్టతో పైన ఒక్కసారి తుడుస్తుంది. ఆ తడి ఆరీ ఆరక ముందే తిప్పుతుంది. తర్వాత పెనం పక్కకి జరిపి నేరుగా మంట మీద పెడితే రొట్టె పొంగుతుంది, పొంగింది పొంగినట్టే పళ్లెంలో వేస్తారు. ఒకటి ముప్ఫై రూపాయలు. పక్కన వంకాయ కూర, ఎల్లిపాయ కారం, సగం ఉల్లిగడ్డ. వంకాయ కూరలో నువ్వులు, పల్లీలు నూరి వేశారు, నూనె మాత్రం కొంచెం ఎక్కువే. మా బామ్మర్ది ఐదు రొట్టెలు తిని మ్యాచ్ మొదలు కాకముందే తన పని ముగించాడు.

దాల్ తడ్కా బాగానే ఉంది, గొప్పగా ఏం లేదు. పన్నెండు తర్వాత మిర్చి బజ్జీ అడగొద్దు. పొద్దు మూకినప్పుడు వేసినవే మళ్లీ నూనెలో ముంచి ఇస్తున్నారు, కొరికితే తెలుస్తుంది. ఫ్రైడ్ రైస్ గురించి రాయడం దండగ.

ఇప్పుడు ఎదుటి టీమ్ గురించి చెప్పాలి, లేకపోతే మూడు గంటలు ఎందుకు కూర్చున్నామో అర్థం కాదు. కాన్సాస్ సిటీ చీఫ్స్. మాదీ వాళ్లదీ లీగ్‌లో ఒకే డివిజన్, అంటే ఒకే నాలుగు జట్ల గుంపు, పేరు ఏఎఫ్‌సీ వెస్ట్. ఏటా రెండుసార్లు తలపడక తప్పదు. 2016 నుంచి 2023 దాకా వరసగా ఎనిమిదేళ్లు డివిజన్ వాళ్లదే. అంతకుముందు రెండు సూపర్ బౌల్‌లూ, అంటే లీగ్ ఫైనల్స్, వాళ్లవే. ఆ సీజన్లో అప్పటికి ఎనిమిది ఆడి ఎనిమిదీ గెలిచి కూర్చున్నారు. 2023 అక్టోబర్‌లో మేం 24-9తో గెలిచేదాకా వరసగా పదహారు మ్యాచ్‌లు మమ్మల్ని ఓడించిన ఘనులు. వాళ్ల సొంత మైదానం ఆరోహెడ్‌లో అప్పటికి మేం చివరిసారి గెలిచింది 2015లో. ఈసారి ఆట మళ్లీ అక్కడే. మాకున్నదల్లా బో నిక్స్ అని ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 12వ ఎంపికగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేసి ఆట నడిపేవాడు) కుర్రాడు, గట్టి డిఫెన్స్. నేను ఆశలు పెట్టుకుని రాలేదు. రొట్టె తిని, మొదటి సగం చూసి పోదామనే వచ్చా.

తీరా చూస్తే రెండో క్వార్టర్‌లో మేం 14-3తో ముందున్నాం. నిక్స్ రెండు టచ్‌డౌన్ పాసులు వేశాడు, ఒకటి మా ఆటగాడు వేలేకి, ఇంకొకటి సటన్‌కి. సటన్ పట్టుకున్నప్పుడు నేను లేచిన తీరుకి కుర్చీ వెనక్కి పడింది. పక్క బల్ల మీద వడ్ల లారీ డ్రైవర్ ఒకాయన అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. మిల్లు దగ్గర లారీల వరస తెల్లారితే గానీ కదలదట, అందుకని ఇక్కడే కాలక్షేపం.

"ఇదేం ఆట సార్, పది సెకండ్లు ఉరుకుతున్నరు, అర నిమిషం నిలబడుతున్నరు" అన్నాడు.

నాలుగు ఛాన్సుల్లో పది గజాలు పోవాలి, పోతే మళ్లీ నాలుగు ఛాన్సులు, చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, పైన ఒకటి బోనస్, గీత దాకా పోలేమనుకుంటే ఆ స్తంభాల మధ్యలోంచి తంతే మూడు అని చెప్పా.

"అంటే మన కబడ్డీ లెక్కనే. గీత కాడికి పోవుడే కష్టం" అన్నాడాయన. నేను డెన్వర్‌లో ఎంతమందికి ఈ ఆట అర్థం చేయించబోయి విఫలమయ్యానో! ఈయనకి ఐదు నిమిషాల్లో ఎక్కింది. ఆ తర్వాత కుర్చీ మా బల్ల దగ్గరికే జరుపుకున్నాడు.

విరామానికి 14-10. ఇక్కడే ఈ హోటల్ రెండో గొప్ప వస్తువు వచ్చింది, అల్లం చాయ్. చిన్న గ్లాసు, పదిహేను రూపాయలు. మామూలుగా అర్ధరాత్రి చాయ్ అంటే సాయంత్రం కాచిన డికాషన్ మీద పాలు పోసి వేడి చేస్తారు. ఇక్కడ అల్లం అప్పటికప్పుడు దంచుతున్నారు, ఆ చప్పుడు టీవీని మించి వినిపిస్తుంది. చక్కెర వేరే అడగొచ్చు. బయట నవంబర్ చలి మొదలైంది, షెడ్డుకి మూడు వైపులే గోడ, కాబట్టి చాయ్ రుచిలో కొంత వాటా చలిగాలిది అనుకున్నా తప్పు లేదు.

రెండో సగంలో మా వాళ్లు ఒక్క పాయింటూ చేయలేదు. చీఫ్స్ తీరు ఎప్పుడూ ఇంతే. చితక్కొట్టి గెలవరు, పక్కనే ఉండి, మనం ఎప్పుడు అలిసిపోతామా అని చూస్తారు. మూడు పాయింట్లు, 14-13. మళ్లీ మూడు, 16-14తో వాళ్లు ముందు. ఆరు నిమిషాలకు కాస్త తక్కువ మిగిలింది. అప్పుడు నిక్స్ చేసిన పని చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ బంతి చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ చేతికి పోకూడదు, పోతే ఎంత కొంచెం టైమున్నా అతను గెలిపించేస్తాడని లోకానికంతా తెలుసు. అందుకని ఈ కొత్త కుర్రాడు చిన్న చిన్న పాసులతో, పరుగులతో, గడియారాన్ని తినేస్తూ మైదానం అంతా దాటించాడు. చివరి సెకండు దాకా టైమ్ కరగనిచ్చి కిక్కర్ విల్ లట్జ్‌ని పిలిచారు. 35 గజాలు. ఆ దూరం నుంచి ఈ లీగ్‌లో కిక్కర్లు పదింట తొమ్మిదికి పైగా కొడతారు. కొడితే 17-16, ఆరోహెడ్‌లో గెలుపు.

ఓనర్ గల్లా పెట్టె వదిలి వచ్చి నిలబడ్డాడు. డ్రైవర్ చాయ్ గ్లాసు పెదవుల దాకా తీసుకుని ఆపాడు. ఒడిశా కుర్రాడు బల్ల తుడుస్తున్న బట్టతోనే చేతులు కట్టుకున్నాడు. టీవీలో ఆటగాళ్లు ఇంకా వరసలో సర్దుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు టీవీ పైభాగంలో నా వాట్సాప్ మెసేజ్ ఒకటి పడింది. ఫోన్ స్క్రీన్ ఉన్నదున్నట్టు టీవీ మీద ఉంది కదా, మెసేజ్ కూడా అంత పెద్దగానే వచ్చింది. డెన్వర్‌లో ఉన్న నా పాత రూమ్మేట్ పంపాడు. "పోయింది రా."

"అయ్యో, ఎవరు పోయిండ్రు సార్?" అన్నాడు ఓనర్, నిజంగా కంగారుపడి.

ఎవరూ పోలేదని చెప్పేలోపు టీవీలో బంతి వెనక్కి వచ్చింది, లట్జ్ తన్నాడు. లియో చెనాల్ అనే చీఫ్స్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు), ముందున్నవాణ్ని వెనక్కి నెట్టుకుంటూ లోపలికి వచ్చి చెయ్యెత్తాడు. బంతి ఆ చేతికి తగిలి కింద పడింది. అంతే. అంతకుముందు ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో కూడా ఒక కిక్‌ని ఆపింది ఇతనే, అది బోనస్ పాయింట్ కిక్. కాబట్టి గాలివాటం అనడానికీ లేదు. చీఫ్స్‌కి తొమ్మిదికి తొమ్మిది, మాకు ఐదు గెలుపులు, ఐదు ఓటములు.

ఆ యాప్ మీద నాకున్న అసలు కోపం ఇదే. ఓడిపోవడం వేరు, ఓడిపోయామని తెలిశాక ఆ ఓటమిని ముప్పావు నిమిషం తర్వాత మళ్లీ చూడాల్సి రావడం వేరు. ఆ ముప్పావు నిమిషంలో నేను టీవీ చూడలేదు, డ్రైవర్‌నే చూశా. ఆయనకి ఇంకా తెలియదు. "కొడతడు సార్, కొడతడు" అంటున్నాడు.

తర్వాత జరిగిందాన్ని బట్టే నేను ఈ హోటల్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. టైమ్ రెండు దాటి చాలాసేపైంది. వేరే హోటలైతే ఆట అయిపోగానే లైట్లు తీసేసేవాళ్లు, కుర్చీలు బల్లల మీదికి ఎక్కించేవాళ్లు. ఇక్కడ ఎవరూ కదలమనలేదు. ఓనర్ ఇంకో చాయ్ పంపించాడు. లెక్కలో రాయలేదు, నేను బిల్లు చూశాకే తెలిసింది. "రెండు పాయింట్లే కద సార్, మళ్ల ఎప్పుడుంది వాళ్లతోని?" అని అడిగాడు. జనవరిలో, డెన్వర్‌లో అని చెప్పా. "టైమ్ ఎంతకైతదో ఒక రోజు ముందు ఫోన్ చెయ్యి, పెద్దమ్మకు చెప్పి పెడత" అన్నాడు. డ్రైవర్‌కి మాత్రం ఓటమి మా కంటే ఎక్కువ తగిలింది. అంత దూరం తీసుకొచ్చి చివర్లో తన్నడమెందుకు, ఉరికితే అయిపోతుండె కదా అని లారీ ఎక్కేదాకా వాదిస్తూనే ఉన్నాడు. ఆ ప్రశ్న మా కోచ్ షాన్ పేటన్‌ని అడగాల్సిందే, నా దగ్గర జవాబు లేదు.

అర మార్కు ఎందుకు కోశానంటే బాత్రూమ్. వెనక షెడ్డులో ఉంది, లైటు లేదు, ఫోన్ టార్చ్ వేసుకుని పోవాలి. మ్యాచ్ మీ ఫోన్లోనే నడుస్తుంటే మరీ ఇబ్బంది. ఆడవాళ్లతో, పిల్లలతో వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. దోమలకు కాయిల్ అడిగితే వెలిగిస్తారు, అడగకపోతే లేదు. పార్కింగ్‌కి స్థలం బోలెడుంది గానీ లారీల మధ్యలో పెట్టొద్దు, పొద్దున దాకా బయటికి రాలేరు. ఫోన్‌పే ఉంది, సిగ్నల్ లేనప్పుడు నగదు అడుగుతారు. ముగ్గురికి అన్నీ కలిపి ఆరు వందల నలభై అయింది, అందులో సగం మా బామ్మర్ది ఖాతాలో వేసుకోవచ్చు.

కార్తీకం అయిపోగానే ఆదివారాలు నాటుకోడి పెడతారట, రొట్టెతోనే. అది తిన్నాక దాని సంగతి విడిగా రాస్తా.