కొండ వాలులో ఇల్లు కట్టే ముందు రెండు రోజుల తిరుగుడు

మా అక్కావాళ్లు కొండ వాలులో పది సెంట్ల స్థలం కొన్నారు. చూడ్డానికి పల్లె ఇల్లులా ఉండాలి, లోపల మాత్రం ఇప్పటి వసతులన్నీ కావాలని అక్క పట్టు. జేసీబీ పెట్టి చదును చేసేస్తే పోతుందని బావ. కట్టేముందు నాలుగు చోట్ల చూద్దాం బావా అని ఇద్దరినీ అనంతపురం నుంచి బయల్దేరదీశాను.

ముందు గుత్తి కోట. ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి, ఎండెక్కితే బండ కాలిపోతుంది. నీళ్లు మీరే మోసుకెళ్లాలి. అక్కడ గోడల అడుగు చూడండి. కొండ బండ ఎలా వంగితే గోడ కూడా అలాగే ఎక్కింది, దిగింది. వాన నీళ్లు పట్టుకునే గుంటలు పైనే ఉన్నాయి. బావ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తాడిపత్రిలో బండల ధరలు అడిగి, జమ్మలమడుగు మీదుగా పోయి, ఒక కొండ వాలు కాటేజీలో దిగాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు వేడివేడిగా పెట్టారు, వడ్డించిన కుర్రాళ్లు ఎంతో మర్యాదగా ఉన్నారు. గది మాత్రం నచ్చలేదు. కొండను నిలువునా కోసి, ఆ కోతకు ఆనించి గది కట్టారు. మంచం వెనక గోడ మోకాలెత్తు దాకా చెమ్మ, చెయ్యి పెడితే సున్నం పెచ్చులుగా రాలింది. బయట మట్టిని ఆపే గోడ పొట్ట ఉబ్బి ఉంది, నీళ్లు బయటికి పోవడానికి అందులో ఒక్క పైపైనా లేదు. మరమ్మతు చేస్తున్న మేస్త్రీ అక్కతో అన్నాడు: "నీళ్లకు మనం దావ ఇడవకపోతే అదే చేసుకుంటాదమ్మా." మా సీమలో వాన తక్కువే, కానీ తుపాను పట్టిందంటే రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఆ రాత్రి అక్కకు నిద్ర లేదు.

రెండో రోజు గండికోట. పెన్నా లోయ అంచున అందరూ ఫొటోలు దిగుతుంటే మేం కోట లోపలి ధాన్యాగారంలో కూర్చున్నాం. మందపాటి రాతి గోడలు, పైన కమాను కప్పు. బయట మండుతున్నా లోపల హాయిగా ఉంది. మా తాతగారి మట్టి మిద్దె గుర్తొచ్చింది: దూలాలు, వాటి మీద దంతెలనే సన్న కర్రలు, పైన చౌడు మట్టి, వెలుతురుకు కప్పులో వదిలే గవాచి. రాత్రికి టూరిజం వాళ్ల హరిత హోటల్లో ఉన్నాం. కుటుంబంతో వెళ్తే లోయ అంచు టెంట్ల కంటే నేను అదే చెబుతాను, చీకట్లో ఆ అంచు దగ్గర పిల్లలతో టెన్షన్ పడలేం.

అక్కడే కాగితం మీద గీశాం. రోడ్డు వైపు వసారా, వంటిల్లు. ఆరు మెట్లు దిగితే పడక గదులు. పునాది మెట్లు మెట్లుగా తవ్వాలి, ఇంటికి పైవైపు నీళ్లు మళ్లించే కాలువ ఉండాలి, స్థలంలో ఉన్న వేపచెట్టును ముట్టుకోకూడదు. పడక గదుల మీద గవాచికి అద్దం వేయిద్దామని బావే అన్నాడు. తిరుగు ప్రయాణంలో తాడిపత్రిలో మళ్లీ ఆగాం. మెట్లకు పాలిష్ పట్టని గరుకు బండలే చెప్పాం, తడిస్తే కాలు జారకుండా.