జీళ్ళ పాకం గుర్తుచేసిన ఫ్రెంచి సినిమా

మైపాడు నుంచి ఇసుక కాళ్ళతో ఇంటికొచ్చిన ఆదివారం రాత్రి మా అబ్బాయి ‘ఉలో గారి సెలవులు’ అనే ఫ్రెంచి సినిమా పెట్టాడు. 1953 నాటిది, నలుపు తెలుపు. మాటలు తక్కువ, ఉన్నవీ గొణుగుడే. ఫ్రెంచి రాకపోయినా నాకేమీ లోటనిపించలేదు.

కథ అడగకండి. ఉలో అనే పొడుగాటి మనిషి డొక్కు కారులో సముద్రతీరపు హోటలుకు వచ్చి అందరి ప్రశాంతతా చెడగొడతాడు. ఆ వేషమూ, దర్శకత్వమూ జాక్ తాతివే. మూకాభినయం నుంచి వచ్చినవాడు, నడకతోనే నవ్విస్తాడు.

మిఠాయి బండి కొక్కేనికి వేలాడే పాకం మెల్లగా సాగి కిందికి జారుతుంటే ఉలో పడే ఆత్రం చూడాలి! తిరునాళ్ళలో జీళ్ళ పాకం లాగేచోట చిన్నప్పుడు నేనూ అలాగే నిలబడిపోయేవాణ్ణి. భోజనాల గది తలుపు ఊగినప్పుడల్లా తీగ మీటినట్టు ‘టుంగు’మంటుంది. ఆ ఒక్క చప్పుడు కోసం మా మనవరాలు మూడుసార్లు వెనక్కి తిప్పించింది.

పడవ రెండుగా మడుచుకుపోయి సొరచేప నోరులా కనిపించే ఘట్టాన్ని తాతి 1978లో కొత్తగా తీసి కలిపాడు. పాతికేళ్ళ తర్వాత కూడా అంత పట్టింపు!

మధ్యలో సాగతీత ఉంది, కాదనను. “ఇందులో ఏముందండీ” అంటూ మా ఆవిడ చేపల పులుసు చూడటానికి లేచిపోయింది.