మేనేజ్ అగ్రిబిజినెస్ కోర్సు: అనంతపురం వైపు నుంచి చూస్తే

బీఎస్సీ అగ్రికల్చర్ చేసినవాళ్లు బేరం, సరుకు, లెక్క నేర్చుకోవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) మంచి చోటు. రెండేళ్ల పీజీ డిప్లొమా, 1996 నుంచి నడుస్తోంది. హాస్టల్లోనే ఉండి చదవాలి. పరిశోధన మీద మనసున్నవాళ్లకు మాత్రం ఎమ్మెస్సీయే మేలు.

అసలు చిక్కు ప్రవేశానికి చూసే క్యాట్ (మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష) దగ్గర. మనవాళ్లలో ఎక్కువమంది బైపీసీ, లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయి ఉంటాయి. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది, జవాబు టైపు చేసేవాటికి కోత లేదు. పరీక్ష నవంబరులో కాబట్టి శాతాలు, నిష్పత్తులు జనవరి నుంచే మొదలుపెట్టాలి. సెప్టెంబరులో మేలుకుంటే అందదు.

ఈ కోర్సులో పనికొచ్చే లెక్క ఎలాంటిదంటే: క్వింటా బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు. కాయ కిలో 60 రూపాయలనుకుంటే పప్పు 86 దాకా పడుతుంది. కూలి, సంచులు, బాడుగ వేరే. తేమ 8 శాతం దాటిన సరుకు నిల్వ పెడితే బూజు పట్టి, ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వల్ల ఎగుమతిదారు వెనక్కి పంపుతాడు. రైతు సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ధర దగ్గర కాదు.

ఫీజు బరువే. సీటు ఖాయం కాకముందే బ్యాంకులో విద్యారుణం కాగితాలు కదిలించండి.