జంట బొమ్మల పుస్తకాలతో ఆరేళ్లు: వాడి చూసిన అనుభవం

రెండు, మూడు తరగతుల పిల్లలకు పోలికలు, తేడాలు చెప్పడం నేర్పడానికి ఆరేళ్లుగా జంట బొమ్మల పుస్తకాలు వాడుతున్నాను. ఒకదానితో ఒకటి ముడిపడే రెండు పుస్తకాలు తీసుకుంటాను. ఒకటి చదివాక రెండు రోజులు ఆగి రెండోది చదువుతాను. ఆ తర్వాత రెండూ పక్కపక్కన తెరిచి పెట్టి పిల్లల చేత మాట్లాడిస్తాను. ఏడాదికి ఏడెనిమిది జంటలు అవుతాయి. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. కానీ ఇది పని చేసేది జంట సరిగ్గా కుదిరినప్పుడే. ఆ సంగతి తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మొదటి ఏడాది నేను ఎంచుకున్న పుస్తకాలు రెండూ స్నేహం గురించినవే. ఒకదానిలో ఏనుగు, ఇంకోదానిలో ఎలుక. కథలు వేరు, చోటు వేరు, వచ్చే చిక్కు వేరు. ఇన్ని తేడాలున్నాయి కదా, పిల్లలు బోలెడు చెప్తారనుకున్నాను. "ఇందులో ఏనుగు, అందులో ఎలుక" అన్నారు, అక్కడితో ఆగిపోయారు. పిల్లలకు రాలేదనుకుని మళ్లీ మళ్లీ అడిగాను, వాళ్లకూ టెన్షన్, నాకూ టెన్షన్. తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. డేడ్రే జెంట్నర్, ఆర్థర్ మార్క్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1994లో చూపించిన విషయమది: బొత్తిగా సంబంధం లేని జంటల కన్నా, బాగా పోలి ఉన్న జంటల్లోనే మనుషులు తేడాలు తేలిగ్గా చెప్పగలరట. చదవగానే నా ఏనుగు, ఎలుకలే గుర్తొచ్చాయి. తేడా కనబడాలంటే ముందు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడగలగాలి. పెద్దవాళ్లకే అలా ఉంటే ఏడేళ్ల పిల్లలకు వేరే చెప్పాలా?

అప్పటి నుంచి ఎక్కువగా ఒకే కథకు రెండు రూపాలు తీసుకుంటున్నాను. అన్నిటికన్నా బాగా పండింది సిండరెల్లా. ఫ్రెంచి రచయిత పెరో 1697లో అచ్చువేసిన కథలో దేవత వస్తుంది, గుమ్మడికాయ బండి అవుతుంది, చెప్పు గాజుది. గ్రిమ్ సోదరులు 1812లో వేసిన జర్మన్ కథలో ఆ దేవత లేదు. చనిపోయిన అమ్మ సమాధి దగ్గర పెరిగిన చెట్టు దగ్గర ఆ అమ్మాయికి బట్టలు దొరుకుతాయి, చెప్పు బంగారంది. చైనాలో 9వ శతాబ్దంలోనే రాసిపెట్టిన యే షియెన్ కథలో సాయం చేసేవి చేప ఎముకలు. ఈ కథల మీద వచ్చిన బొమ్మల పుస్తకాలు ఏవైనా రెండు దొరికితే చాలు, ఒకే ఒక ప్రశ్న వేయండి: "ఆ అమ్మాయికి ఎవరు సాయం చేశారు?" మా క్లాసులో గ్రిమ్ కథ చదివాక ఒక బాబు కాసేపు ఆలోచించి, "చెట్టంటే వాళ్లమ్మే కదా టీచర్" అన్నాడు. ఆ పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. పక్కన దేవత ఉన్న పుస్తకం తెరిచి ఉండబట్టే, ఇక్కడ ఆ చోటులో ఎవరున్నారో వెతికాడు వాడు.

ఇక వలయాల సంగతి. పోలికలు, తేడాలు అనగానే అందరూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రెండు వలయాలు గీయించి, పోలికలు మధ్యలో, తేడాలు చెరో పక్క రాయిస్తారు. నేనూ మూడేళ్లు అదే చేశాను. వెన్ చిత్రమని పిలిచే ఆ పద్ధతిని 1880లో జాన్ వెన్ అనే బ్రిటిష్ తర్కశాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. తర్కంలో ఏది ఏ గుంపులోకి వస్తుందో చూపడానికి అది చక్కటి సాధనం. కథల దగ్గరికి వచ్చేసరికి నాకు మాత్రం రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది చిన్నదే: మధ్యలో ఉండే ఇరుకు జాగాలో పిల్లల పెద్ద పెద్ద అక్షరాలు పట్టవు. రెండోది పెద్దది. ఎడమ వలయంలో "గుమ్మడికాయ బండి" అని రాస్తారు, కుడి వలయంలో "అక్కలు చెడ్డవాళ్లు" అని రాస్తారు. రెండూ నిజమే. కానీ ఒకదానికొకటి జవాబు కాదు. కాగితం నిండుతుంది, పోల్చడం మాత్రం జరగదు.

ఇప్పుడు చార్టు మీద గడులు గీస్తున్నాను. ఎడమ అంచున ప్రశ్న, పక్కన రెండు పుస్తకాలకు రెండు గడులు. ఎవరు సాయం చేశారు? చివర ఏమైంది? కథ ఎవరు చెప్తున్నారు? ఒక్కో వరుస నిండాక కిందికి దిగుతాం. మూడు వరుసలకు మించి పెట్టను.

వీటన్నిటికన్నా ఎక్కువ పని చేసినవి రెండు చిన్న మాటలు: 'కూడా', 'మాత్రం'. మన భాషలో పోలికంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. అమ్మమ్మ ఇంటికి వెళ్తూ ఒక పాప అడవిలో తోడేలును కలిసే 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్' కథకు రెండు పుస్తకాలు చదివితే ఇలా చెప్తారు: "ఇందులో కూడా తోడేలు అమ్మమ్మని మింగేస్తుంది. ఇందులో మాత్రం వేటగాడు రాడు." పిల్లలు ఇంట్లో, ఆటల్లో రోజూ వాడే మాటలే ఇవి. 'సామ్యాలు', 'భేదాలు' అని బోర్డు మీద రాస్తే బిక్కమొహం వేసే పిల్లలు కూడా, "ఒక కూడా వాక్యం, ఒక మాత్రం వాక్యం చెప్పండి" అంటే చేతులెత్తుతారు. రాయడం కష్టమైనవాళ్లను నోటితో చెప్పమని, నేను రాసి పెడతాను. రాత రాకపోవడం వేరు, పోల్చలేకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపి మార్కులు వేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

బొమ్మల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని వదిలేస్తారు. లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ కథకు రెండు పుస్తకాలు తెరిచి, అడవిలో తోడేలు మొదటిసారి ఎదురయ్యే పేజీల దగ్గర ఆగాను. ఈసారి కథ గురించి అడగలేదు, ఊరికే చూడమన్నాను. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక పాప ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఒక తోడేలు కంటి మీద వేలు పెట్టి, అది ఎటు చూస్తోందో ఆ దారినే పేజీ మీద వేలు జరుపుకుంటూ వెళ్లింది. వేలు కథలోని పాప బొమ్మ దగ్గర ఆగింది. రెండో పుస్తకంలో వేలు పెట్టింది కానీ ఎటూ జరపలేకపోయింది. "టీచర్, ఇది మన వైపు చూస్తోంది" అంది. వెనక నుంచి ఇంకొకడు, "అయితే అందులో ఆ పాపకి భయం, ఇందులో మనకి భయం" అన్నాడు. ఆ రోజు చార్టు తీయలేదు. ఆ రెండు పేజీలతోనే పీరియడ్ అయిపోయింది. ఆ పీరియడ్‌ని నేను ఇప్పటికీ మర్చిపోలేను.

కథ పుస్తకానికి, సమాచార పుస్తకానికి జంట కట్టడమూ బాగానే ఉంటుంది. కప్ప కథ, కప్పల గురించిన పుస్తకం ఇలా. ఏది నిజం, ఏది కల్పన అన్నంత వరకు వస్తుంది. అంతకన్నా లోతుకు వెళ్లడం నాకు అరుదుగానే కుదిరింది.

ఆరేళ్లయినా పూర్తిగా పోని ఇబ్బందులు రెండున్నాయి. పిల్లలు ముందు విన్నదాన్నే అసలు కథ అనుకుంటారు, రెండోదాన్ని తప్పు అంటారు. "అలా కాదు టీచర్, చెప్పు గాజుది" అని కోపంగా సరిదిద్దుతారు. కొంచెం తగ్గించే దారి ఒకటి దొరికింది: ఎక్కువమందికి తెలియని రూపాన్ని ముందు చదవడం. ఇంకోటి, ఏది బాగుంది అనే పోటీలోకి జారిపోవడం. ఆ ప్రశ్న నేను చివరిదాకా దాచిపెడతాను, ఎవరైనా ముందే ఎత్తితే "ఆ మాట శుక్రవారం చెప్పు నాన్నా" అంటాను. అప్పటికి వాళ్ల దగ్గర ఎందుకో చెప్పడానికి మాటలుంటాయి.

సమయం కూడా లెక్క వేసుకోండి. రెండు పుస్తకాలూ ఒకే రోజు చదివి చూశాను, రెండోదానికి వచ్చేసరికి పిల్లలు అలసిపోయారు, కథలు కలగాపులగం చేసేశారు. ఒక్కో జంటకు వారం పడుతుంది. సిలబస్ తరుముతున్నప్పుడు అది ఎక్కువే. అందుకే ఏడాదికి ఏడెనిమిది దాటను, పరీక్షల నెలలో అసలు పెట్టను. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలతో అయితే ఇంత పట్టదు. చార్టు కూడా అక్కర్లేదు, ఒడిలో రెండు పుస్తకాలు, ఒక ప్రశ్న చాలు. పెద్ద క్లాసులో మాత్రం రెండు పుస్తకాలూ అందరికీ కనబడేలా చూసుకోండి. చివరి వరుసవాళ్లకు బొమ్మ కనబడకపోతే వాళ్లు పక్కవాళ్ల మాటే తిప్పి చెప్తారు.

ఒక చిన్న విషయం, నాకు ఆలస్యంగా తట్టింది. అయిపోయాక పుస్తకాలను వేర్వేరు అరల్లో సర్దేసేదాన్ని. ఇప్పుడు ప్రతి జంటకూ లావు రబ్బరు బ్యాండు వేసి ఒకే చోట ఉంచుతున్నాను. ఎవరైనా ఇంటికి తీసుకెళ్తామంటే రెండూ కలిపే ఇస్తాను. తిరిగి తెచ్చేటప్పుడు చాలామంది "కూడా వాక్యం" ఒకటి చెప్పి మరీ ఇస్తారు. నేను అడగకుండానే.