పీక్ వేళ లోడు తగ్గిస్తే డబ్బు: ఈ ప్యాకేజీ చెన్నై కోల్డ్ స్టోరేజీలకు గిట్టుబాటవుతుందా?

మాధవరం, రెడ్‌హిల్స్ వైపు కోల్డ్ స్టోరేజీలు, కాశిమేడు దగ్గర ఐస్ ప్లాంట్లు నడిపే మనవాళ్ల కోసం ఈ సమీక్ష. లోడు హద్దు దాటకుండా చూసే డిమాండ్ కంట్రోలర్, కంప్రెసర్లను ఆపే రిలే ప్యానెల్, ఫోన్‌లో చూసుకునే యాప్, మిగిలిన డబ్బులో వాటా అడిగే ఒప్పందం, ఈ నాలుగూ కలిపి ఒకే సేవగా అమ్ముతున్నారు. "గ్రిడ్‌కి కష్టమొచ్చినప్పుడు మీరు లోడు తగ్గించండి, మీకు ఆదాయం వస్తుంది" అన్నది వాళ్ల మాట. ఏ కంపెనీ అమ్మినా లోపలి సరుకు దాదాపు ఒకటే. అందుకే పేర్లు వదిలేసి సేవ సంగతే చూద్దాం.

పరికరం మంచిదే, పెట్టించుకోదగ్గదే. అయితే ఆదాయం గురించి చెప్పే లెక్క మాత్రం వేరే దేశాలది. టెక్సస్‌లో పెద్ద ఫ్యాక్టరీలు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.7 హెర్ట్జ్‌కి పడగానే అర సెకనులో లోడు వదిలేసేలా రిలే పెట్టుకుంటాయి, అలా సిద్ధంగా ఉన్నందుకే వాటికి డబ్బు ముడుతుంది. బ్రిటన్‌లో 2022-23 చలికాలంలో పీక్ వేళ తగ్గించిన యూనిట్‌కి 3 పౌండ్ల హామీ ధర ఇచ్చారు. మన దగ్గర గ్రిడ్ 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది, 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలన్నది నియమం. 49.4కి పడితే రిలేలు ఎవరినీ అడగకుండా ఫీడర్లు (సరఫరా లైన్లు) కోసేస్తాయి. ఆ పరిస్థితి రాకుండా ముందే లోడు తగ్గించేవాళ్లకూ చోటిస్తూ కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2022లో అనుబంధ సేవల నిబంధనలు తెచ్చింది. అందులో ఫ్రీక్వెన్సీని సరిచేసే సెకండరీ రిజర్వులో చేరాలంటే కనీసం 1 మెగావాట్ ఉండాలి, సిగ్నల్ అందిన 30 సెకన్లలో స్పందన మొదలవ్వాలి, 15 నిమిషాల్లో మొత్తం తగ్గాలి, ఆపైన కనీసం అరగంట నిలబడాలి. 75 కిలోవాట్లు ఆపగలిగే కోల్డ్ స్టోరేజీలు పద్నాలుగు కలిస్తే గానీ ఆ 1 మెగావాట్ తేలదు. కాబట్టి కొటేషన్‌లో "గ్రిడ్ చెల్లింపు" అని ఒక అంకె కనిపిస్తే, ఏ ఆర్డరు ప్రకారం, ఎవరు, ఏ నెల నుంచి ఇస్తారో రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ వరుస కొట్టేసి మిగతాది కూడండి.

మిగతాదేమీ చిన్నది కాదు. తమిళనాడు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) పరిశ్రమల టారిఫ్‌లో ఉదయం 6:30 నుంచి 10:30, సాయంత్రం 6 నుంచి 10 పీక్ వేళలు. ఆ ఎనిమిది గంటల్లో వాడిన యూనిట్ మీద 25 శాతం అదనం. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా 5 శాతం తగ్గింపు. 2025 జులై రేటు యూనిట్‌కి 7.50 అనుకుంటే, పీక్ నుంచి మధ్యాహ్నానికి జరిపిన యూనిట్‌కి 1.87, రాత్రికి జరిపితే 2.25 రూపాయలు మిగులుతాయి. 75 కిలోవాట్లు లాగే కంప్రెసర్‌ని సాయంత్రం రెండు గంటలు ఆపితే రోజుకి 150 యూనిట్లు, నెలకి దాదాపు ఎనిమిదిన్నర వేలు.

అసలు డబ్బు డిమాండ్ చార్జీలో ఉంది, చాలామంది అక్కడే పొరపడతారు. డిమాండ్ అంటే నెలలో మీరు ఒకేసారి లాగిన అత్యధిక లోడు, దాన్ని కేవీఏలో కొలుస్తారు. అదే 2025 జులై రేటు ప్రకారం కేవీఏకి నెలకి 608 రూపాయలు. ఈబీ (విద్యుత్ బోర్డు) బిల్లు వేసేది మీరు తాకిన డిమాండ్ మీదా లేక మంజూరైన డిమాండ్‌లో 90 శాతం మీదా అంటే, ఏది ఎక్కువైతే దాని మీద. 500 కేవీఏ మంజూరై ఉన్నవాళ్లు కంట్రోలర్ పెట్టి 380కి దించినా 450కే కడతారు. యాప్‌లో మాత్రం ఆకుపచ్చ గీత అందంగా కిందికి దిగుతుంది. మంజూరును 400కి తగ్గించమని దరఖాస్తు పెట్టి అది అమల్లోకి వచ్చాకే బిల్లు 380కి వస్తుంది, అప్పుడు నెలకి 42,560 రూపాయలు మిగులుతాయి. ఆ తర్వాత ఒక్కసారి 430 తాకినా పైన పడ్డ 30 కేవీఏకి రెట్టింపు రేటు. అందుకే కంట్రోలర్ మూడు నెలలు నికరంగా నడిచి, అందులో ఒక నెలైనా ఎండాకాలంది అయ్యాకే దరఖాస్తు పెట్టాలి. ఈ ఒక్క సలహా ఇవ్వని సంస్థను నమ్మొద్దు.

ఇక బిగింపు. ఈబీ మీటరు సీలు వేసిన క్యూబికిల్‌లో ఉంటుంది, దాన్ని మనం ముట్టుకోకూడదు. అనుమతి తీసుకుని దాని పల్స్ అవుట్‌పుట్ (మీటరు బయటికి పంపే లెక్క సిగ్నల్) వాడుకోవడం ఉత్తమం. కుదరకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు కరెంటు కొలిచే సీటీలు వేసి సొంత మీటరు పెడతారు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నష్టం మీ లెక్కలోకి రాదు, ఈబీ లెక్కలోకి వస్తుంది. కాబట్టి హద్దును 3 నుంచి 5 శాతం తక్కువకి పెట్టుకోవాలి. ఇంకో చిక్కు గడియారాలది. మీటరు డిమాండ్‌ని బ్లాకుల సగటుగా లెక్క కడుతుంది. కంట్రోలర్ గడియారం నాలుగైదు నిమిషాలు పక్కకి జరిగితే కంట్రోలర్ బ్లాకు వేరు, మీటరు బ్లాకు వేరు. కంట్రోలర్ అంతా బాగుందనే అంటుంది, బిల్లులో మాత్రం పీక్ పడి ఉంటుంది. బ్లాకు ఎన్ని నిమిషాలదో మీటరులో చూసి, రెండు గడియారాలూ నెలకోసారి కలపమని ఒప్పందంలో రాయించండి. కంట్రోలర్ చూడాల్సింది కిలోవాట్లను కాదు, కేవీఏని. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌లో కెపాసిటర్లు చచ్చి ఉంటే కంప్రెసర్ ఆపినా కేవీఏ దిగదు. ముందు అది బాగుచేయించండి.

మీటరు నుంచి కంట్రోలర్‌కి రీడింగులు మోసే ఆర్ఎస్-485 తీగను, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ కేబుల్ ఉన్న ట్రేలోంచే లాగేస్తుంటారు. రీడింగులు ఎగిరెగిరి పడటానికి సగం కారణం అదే. షీల్డ్ ఉన్న జంట తీగ వేయాలి, రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఇనుప ప్యానెల్ లోపల సిమ్ యాంటెనా పెడితే సిగ్నల్ అందదు. నెట్ పోయినా హద్దు కాపాడే పని కంట్రోలర్ సొంతంగా చేయాలి. కొనే ముందు సిమ్ తీసేసి పరీక్షించండి.

ఈ సేవలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని కంప్రెసర్ కాంటాక్టర్‌కి (మోటారు కరెంటు స్విచ్‌కి) నేరుగా రిలే తగిలించడం. అమ్మోనియా కంప్రెసర్ నిండు లోడు మీద ఉండగా కాంటాక్టర్ పడగొట్టకూడదు. ముందు లిక్విడ్ లైన్ సోలెనాయిడ్ మూయాలి, సక్షన్ ప్రెషర్ దిగాక అన్‌లోడర్‌తో సిలిండర్లు ఖాళీ చేయాలి, ఆ తర్వాతే మోటారు ఆపాలి. కండెన్సర్ పంపు ఇంకొన్ని నిమిషాలు తిరగాలి, క్రాంక్‌కేస్ హీటర్ ఆగకూడదు. ఒకసారి ఆపాక కనీసం పదిహేను నిమిషాలు మళ్లీ స్టార్ట్ కాకుండా టైమర్ ఉండాలి, లేకపోతే హద్దు దగ్గర ఆగుతూ మొదలవుతూ మోటారు వైండింగ్ కాలుతుంది. బిగించడానికి వచ్చినవాళ్లలో రిఫ్రిజిరేషన్ తెలిసిన మనిషి లేకపోతే ఆ రోజు పని ఆపించండి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆపాలంటే మూడు గంటలకే మొదలుపెట్టాలి. మైనస్ 18 గదిని మైనస్ 22కి దించి, తలుపులు మూసి ఉంచితే, మంచి పఫ్ (నురగ ఇన్సులేషన్) ప్యానెల్ గదిలో రెండు గంటలకి ఒకటి రెండు డిగ్రీలే ఎక్కుతుంది. ఇంకా లోతుగా దించితే మాత్రం దండగ, ఇవాపరేటర్ ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ దిగేకొద్దీ కంప్రెసర్ ఖర్చు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. లారీ లోడింగు ఆ వేళలోనే పడితే ఈ లెక్క చెల్లదు. గది ఫ్యాన్లన్నీ ఆపేయకండి, మూడింట ఒకటి తిరగనివ్వండి, లేకపోతే పై అరల సరుకు ముందు మెత్తబడుతుంది. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్‌ని గాలిలో వేలాడదీయకుండా గ్లైకాల్ సీసాలో ఉంచితే సరుకు అసలు వేడి తెలుస్తుంది.

ఐస్ ప్లాంట్లకి ఈ సేవ ఇంకా బాగా నప్పుతుంది. ఉప్పునీటి తొట్టే పెద్ద చలి నిల్వ, రెండు గంటలు ఆపితే దిమ్మలు కాస్త ఆలస్యంగా గడ్డకడతాయి, అంతే. కోయంబేడు అరటిపండ్ల మాగుడు గదులకి మాత్రం వద్దు. మాగే పండు తనే వేడి పుట్టిస్తుంది, గంట ఆపినా గెల లోపల ఉష్ణోగ్రత ఎక్కి రంగు చెడుతుంది.

ఎక్కువగా దెబ్బ పడేది ఆపు గడువు ముగిసినప్పుడు, ఎనిమిదికైనా పదింటికైనా. గడువు కాగానే ఆగిన కంప్రెసర్లన్నీ ఒకేసారి లేస్తాయి, నెల మొత్తంలో పెద్ద డిమాండ్ అక్కడే నమోదవుతుంది. ఒక్కోదానికి పది నిమిషాల ఎడం పెట్టించండి. సరుకు ఎత్తే స్టాకర్ల బ్యాటరీ చార్జర్లనూ, ఓవర్‌హెడ్ ట్యాంకు పంపులనూ పన్నెండు తర్వాతకి తోయండి.

కొందరు డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) నడిపి దాన్నే డిమాండ్ తగ్గింపుగా చూపిస్తారు. లీటరుకి మూడున్నర యూనిట్లు, లీటరు 92 రూపాయల పైన. యూనిట్ 26 దాటుతుంది. పీక్‌లో ఈబీ యూనిట్ 9.37. ఆ ఆప్షన్ తీసేయించండి.

వాటా ఒప్పందంలో చూడాల్సింది బేస్‌లైన్, అంటే మీరు తగ్గించకపోయి ఉంటే ఎంత వాడేవారన్న లెక్క. గత పది పనిదినాల సగటు తీసుకోవడం మామూలు పద్ధతి. అక్టోబరు, నవంబరు వానల్లో బయట చల్లబడి కంప్రెసర్ లోడు తనంతట తనే దిగుతుంది. బేస్‌లైన్ ఎండాకాలానిదే ఉంచితే వాన చేసిన మేలుకి మీరు వాటా కడతారు. మూడు గంటల చల్లబరుపు వల్ల పెరిగిన లోడును కూడా బేస్‌లైన్‌లో కలపనివ్వకండి.

2008 నుంచి 2015 దాకా తమిళనాడులో హెచ్‌టీ వాళ్ల మీద కోతలు ఆంక్షలుగా వచ్చాయి, పైసా పరిహారం లేదు. ఏ లోడు ఎంతసేపు ఆగగలదో అప్పట్లో రాసిపెట్టుకున్న పాత లాగ్‌బుక్కులు ఇంజిన్ రూముల్లో ఇంకా ఉంటే బయటికి తీయండి. సర్వేకి వచ్చిన ఇంజనీరుకి అంతకంటే పనికొచ్చే కాగితం లేదు. ఆపరేటర్ చేతిలో ఓవర్‌రైడ్ స్విచ్ తప్పక ఉంచి, అది ఎప్పుడు, ఎందుకు తిప్పారో కంట్రోలర్‌లోనే నమోదయ్యేలా చేయమనండి. వాటా లెక్కలో తగాదా వస్తే తేల్చేది ఆ నమోదే.