ఒకే ఇల్లా, రెండిళ్లా, లేక బిడ్డ ఉన్న చోటికే అమ్మానాన్నలా? ఏది మేలు?

విడాకుల మాట రాగానే "బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని రోజులు?" అన్న బేరం మొదలవుతుంది. బిడ్డకు ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో (మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి), ఫిట్స్ జబ్బో ఉంటే ఆ బేరాన్ని కాసేపు పక్కన పెట్టడం మంచిది. రోజులు పంచుకునే ముందు పనులు లెక్కేసుకోవాలి. మందులు ఎవరు వేస్తున్నారు, థెరపీకి ఎవరు తీసుకెళ్తున్నారు, రాత్రి ఎన్నిసార్లు ఎవరు లేస్తున్నారు, స్కూలు నుంచి ఫోనొస్తే ఆఫీసు వదిలి పరిగెత్తేది ఎవరు? ఒక వారం పాటు కాగితం మీద రాసి చూడండి. పేజీ నిండా ఒకరి పేరే కనబడుతుంది, చాలా ఇళ్లలో.

ఆ కాగితం చేతిలో ఉంటే మూడు దారులనూ పోల్చి చూడొచ్చు.

ఒకే ఇల్లు, రెండోవాళ్లు వచ్చి చూసి వెళ్లడం అనేది పాత పద్ధతి. బిడ్డ మంచం మారదు, స్కూలు మారదు, థెరపిస్టు మారరు. ఇల్లు వీల్‌చెయిర్‌కు తగ్గట్టు ఒక్కసారి సర్దుకుంటే చాలు. ఇబ్బందల్లా ఆ ఇంట్లో ఉన్న మనిషికే. నిద్ర లేదు, సెలవు లేదు, ఉద్యోగం నిలబడుతుందన్న నమ్మకం లేదు. అవతలి వాళ్లేమో ఆదివారం వచ్చి పార్కుకు తిప్పి, సాయంత్రం దింపేసి వెళ్తారు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో వాళ్లకు ఎప్పటికీ రాదు. ఇంట్లో ఉన్న మనిషి నాలుగు రోజులు ఆసుపత్రిలో పడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

సగం సగం పద్ధతి వినడానికి న్యాయంగా ఉంటుంది. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. ఇద్దరికీ పని వస్తుంది, ఇద్దరికీ ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది. అయితే ఇది పెద్దలకు న్యాయమా, బిడ్డకా అన్నది చూడాలి. అలవాటైన పద్ధతి మారితే తట్టుకోలేకపోవడం, శబ్దాలకూ స్పర్శకూ అతిగా స్పందించడం ఆటిజంలో తరచూ కనిపించే లక్షణాలు. మానసిక, ఎదుగుదల సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ డీఎస్ఎం-5లో ఈ రెండూ నిర్ధారణ ప్రమాణాల్లోనే ఉన్నాయి. అలాంటి పిల్లవాడికి ఇల్లు మారే రోజు ఒక్కటే కష్టం కాదు, ముందు రోజూ తర్వాతి రోజూ కూడా పోతాయి. "మీ ఇంటి నుంచి వచ్చాకే వీడిలా చేస్తున్నాడు" అని ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటారు. తప్పు ఏ ఇంటిదీ కాకపోవచ్చు, మార్పుదే కావచ్చు.

ఫిట్స్ ఉన్న బిడ్డ విషయంలో లెక్క వేరు. ఒక డోసు తప్పినా, నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే అది అత్యవసర పరిస్థితి. కాబట్టి రెండిళ్లలోనూ ఒకే మందులు, ఒకే టైము, ఒకే నిద్రవేళ ఉండాలి. బొమ్మల బోర్డుతోనో ట్యాబ్‌తోనో మాట్లాడే పిల్లలుంటారు. ఆ ట్యాబ్ అమ్మ ఇంట్లో మర్చిపోతే, నాన్న ఇంట్లో ఆ బిడ్డకు మాటే లేనట్టు.

అలాగని ప్రత్యేక అవసరాలున్న ప్రతి బిడ్డకూ రెండిళ్లు పనికిరావని కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, వినికిడి యంత్రం వాడే పిల్లలు చాలామంది రెండు చోట్లా హాయిగా ఉంటారు. జబ్బు పేరు చూసి కాదు, ఆ బిడ్డను చూసి తేల్చుకోవాలి.

మూడోది, బిడ్డ ఒకే ఇంట్లో ఉండటం, అమ్మానాన్నలే వంతులేసుకుని వచ్చి వెళ్లడం. బిడ్డను ఎత్తి దించే యంత్రం (హాయిస్టు), ప్రత్యేక మంచం, మందుల అలమర అన్నీ ఒకచోటే ఉంటాయి కాబట్టి బిడ్డకు ఇంతకన్నా సుఖం లేదు. పెద్దలకే టెన్షన్. సింకులో వదిలిన గిన్నెల దగ్గర పాత గొడవ మళ్లీ లేస్తుంది. ఇద్దరూ విడిగా ఉండే చోట్లు కలిపితే మూడిళ్ల ఖర్చు. ఇక ఎవరైనా మళ్లీ పెళ్లి చేసుకుంటే సాగదు. విడిపోయిన కొత్తలో ఆరు నెలలో, ఏడాదో పెట్టుకోవడానికి బాగుంటుంది.

నన్నడిగితే, మార్పు తట్టుకోలేని బిడ్డకు ఒకే ఇల్లే మేలు. కాకపోతే రెండోవాళ్లు అక్కడికి చుట్టంలా రాకూడదు. మంగళవారం స్పీచ్ థెరపీ, గురువారం స్నానం, నిద్రపుచ్చడం, నెలలో రెండు రాత్రుల కాపలా అని ఒప్పందంలోనే పనులు రాసుకోవాలి. మార్పు తట్టుకునే బిడ్డయి, ఇళ్లు దగ్గరగా ఉండి, ఇద్దరికీ పని వచ్చినప్పుడే సగం సగం.

రోజులకన్నా పెద్ద గొడవ నిర్ణయాధికారం దగ్గర వస్తుంది. ఆపరేషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) మందులు, ఏ స్కూలు అన్నవి ఇద్దరూ కలిసి తేల్చాలని రాసుకోవడం మామూలే. ఒకరు "వాడికేం లేదు, పెద్దయితే అదే సర్దుకుంటుంది" అనే రకమైతే ఆ ఉమ్మడి అధికారం వల్ల ఏదీ ముందుకు కదలదు, బిడ్డ వయసు మాత్రం ఆగదు. ఉమ్మడిగానే ఉంచి, మాట కుదరనప్పుడు చూస్తున్న డాక్టరు సలహా నడుస్తుందని ముందే రాసుకోవడం నయం. పూర్తి అధికారం ఒకరికే ఇవ్వడం చివరి మార్గం.

బిడ్డను ఎవరడుగుతారు? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఇచ్చింది. మాటలు రాని బిడ్డ నిద్రతో, తిండితో, ఒంటి తీరుతో చెబుతుంది. ఏ ఇంటి నుంచి వచ్చాక ఎన్ని గంటలు నిద్రపోయిందో రాసి పెట్టుకున్న నోటుపుస్తకం, లాయర్ల వాదనకన్నా ఎక్కువ చెబుతుంది. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 23వ అధికరణం ఇంకో మాట చెప్పింది. బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ వైకల్యం ఉందన్న కారణంతో బిడ్డను వాళ్ల నుంచి వేరు చేయకూడదు. అవతలివాళ్ల వైకల్యాన్ని ఆయుధంగా వాడదామనుకునే వాళ్లు ఇది చదవాలి.

డబ్బు విషయంలో మామూలు ఒప్పందాలు బిడ్డ పెద్దయ్యే రోజు దగ్గర ఆగిపోతాయి. ఈ బిడ్డకు ఖర్చు ఆ రోజు ఆగదు. చాలా దేశాల్లో 18 ఏళ్లు నిండగానే తల్లిదండ్రులకు బిడ్డ తరఫున సంతకం పెట్టే అధికారం కూడా దానంతటదే పోతుంది. గార్డియన్‌షిప్ (బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టపరమైన అధికారం) కావాలా, నిర్ణయాలు బిడ్డే తీసుకునేలా పక్కన తోడుంటే సరిపోతుందా అన్నది 16, 17 ఏళ్లప్పుడే లాయరుతో కూర్చుని చూసుకోవాలి. ఒప్పందంలో ఆ తేదీ కూడా రాయించండి.